‘తప్పు’కు మారిన అర్థం: గిడుగు రామమూర్తి నడివయసు భాషాకృషి – ఒక పునఃపరిశీలన

1907 నాటికి గిడుగు వేంకట రామమూర్తి వయస్సు 44 ఏళ్లు. పర్లాకిమిడి రాజావారి విద్యాసంస్థలో చరిత్ర బోధిస్తూ అప్పటికే 27 ఏళ్లు గడిపారు. శాసన పరిష్కర్తగా ఆయనకు పేరుంది, సవర భాషను నేర్చి ఆ భాషలోనే సవర పిల్లలకు చదువు చెప్పించిన ఉపాధ్యాయుడిగా గుర్తింపు ఉంది. కాని తెలుగు సాహిత్య చరిత్రలో ఆయన స్థానాన్ని నిలబెట్టిన రచన ఒక్కటి కూడా అప్పటికి వెలువడలేదు. ‘బాలకవి శరణ్యము’, ‘గద్యచింతామణి’, ‘తెలుగు’ మాసపత్రిక, ‘ఆంధ్ర పండిత భిషక్కుల భాషాభేషజము’ – అన్నీ ఆ తరువాతివే. ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకోవడానికి కారణమైన కృషి అంతా నలభై దాటిన తరువాత మొదలైనదే.

ఉద్యోగ జీవితం చివరి అంచుకు వచ్చిన ఒక చరిత్రోపాధ్యాయుడు, తనది కాని రంగంలో, ఆ రంగంలోని పండితులందరినీ ఎదుర్కొనే పనికి ఎందుకు పూనుకున్నారు? పూనుకున్నప్పుడు వెంట ఏమి తెచ్చుకున్నారు? మొదటి ప్రశ్నకు భాషోద్యమ చరిత్రలు ఒక సమాధానం చెబుతూనే ఉన్నాయి. రెండో ప్రశ్నపై వాటి దృష్టి తక్కువ. రెండోదానికి సమాధానం వెతికితే మొదటిదానికి ఇప్పటివరకు ఉన్న సమాధానం కూడా మారవలసి వస్తుందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

యేట్స్ ప్రశ్న

ప్రచారంలో ఉన్న కథనం తెలిసినదే. జె.ఎ. యేట్స్ అనే ఆంగ్లేయుడు ఉత్తర కోస్తా జిల్లాలకు పాఠశాలల ఇన్‌స్పెక్టరుగా వచ్చారు. తెలుగు నేర్చుకొనే ప్రయత్నంలో ఉన్న ఆయనకు జనం మాట్లాడే తెలుగుకూ తరగతి గదిలో పండితులు చెప్పే తెలుగుకూ ఉన్న దూరం వింతగా తోచింది. విశాఖపట్నంలో మిసెస్ ఎ.వి.ఎన్. కళాశాల ప్రిన్సిపాలుగా ఉన్న పి.టి. శ్రీనివాస అయ్యంగారిని ఈ సంగతి అడిగితే, దీనికి సమాధానం గురజాడ అప్పారావు, గిడుగు రామమూర్తి చెప్పగలరని ఆయన సూచించారు. అక్కడి నుంచి వ్యావహారిక భాషోద్యమం మొదలయింది.

ఇందులో జరగనిదేమీ లేదు. ఇబ్బంది కథ నిర్మాణంలో ఉంది. ఒక పరాయి దొర ప్రశ్న అడగడం, ఆ ప్రశ్నతో దేశీయ పండితుడికి మెలకువ రావడం, అప్పటినుంచి ఆయన కొత్త మనిషి కావడం – ఇది మనఃపరివర్తన కథల నమూనా. ఈ నమూనాలో 1907కు ముందున్న జీవితమంతా వేచి ఉండే కాలంగా మారిపోతుంది. పర్లాకిమిడి పాఠశాల, ముఖలింగం శాసనాలు, సవర కొండలు కేవలం పీఠికలవుతాయి. గిడుగు గురించి రాసిన చాలా వ్యాసాలలో సవర భాషాకృషి ఒక పేరాలో, ‘బహుముఖ ప్రజ్ఞ’ అనే మాటతో ముగిసిపోవడానికి కారణం ఇదే. ఆ మాటలో పొగడ్త ఉంది, వివరణ లేదు. ఒక ముఖానికీ మరో ముఖానికీ మధ్య ఏ సంబంధం ఉందో అది చెప్పదు.

యేట్స్ ప్రశ్నలో కొత్తదనం కూడా ఊహించుకున్నంత లేదు. ‘కన్యాశుల్కం’ తొలి కూర్పు 1897లోనే వాడుక భాషలో వచ్చింది. 1909లో వచ్చిన రెండో కూర్పు దాదాపు మరో నాటకం. చీపురుపల్లి, విజయనగరం ప్రాంతాల తెలుగు రంగస్థలం మీద ఎంత పని చేయగలదో యేట్స్ రాకకు పదేళ్ల ముందే తేలింది. గురజాడకు బాల్యమిత్రుడూ విజయనగరంలో సహాధ్యాయీ అయిన గిడుగుకు ఈ విషయం తెలియక పోదు. అయినా ఆ పదేళ్లలో ఆయన తెలుగు భాషా వివాదంలోకి దిగలేదు. కనుక వివరించవలసింది ప్రశ్న ఎక్కడి నుంచి వచ్చిందన్నది కాదు. మిత్రుడి నాటకం కదిలించలేని మనిషిని ఒక బడి తనిఖీ అధికారి సందేహం ఎందుకు కదిలించగలిగింది?

దీనికి సమాధానం బడిలోనే ఉందనిపిస్తుంది. నాటకంలో వాడుక భాష సాహిత్య సమస్య. దానిని పాత్రోచిత భాష అనే పేరుతో సంప్రదాయవాదులు కూడా ఒప్పుకున్నారు. వేదం వేంకటరాయశాస్త్రి ‘ప్రతాపరుద్రీయం’లో నీచపాత్రల చేత వాడుక భాష మాట్లాడించి, దానికి సమర్థనగా గ్రంథం కూడా రాశారు. ఆయనే తరువాత గ్రాంథికవాదుల పక్షాన నిలవడంలో వైరుధ్యం లేదు. రంగస్థలం మీద అనుమతించిన భాషను పాఠ్యపుస్తకంలోకి రానివ్వకపోవడం ఆ దృష్టిలో సుసంగతమే. గిడుగు మాత్రం కవి కారు, నాటకకర్త కారు. తన 17వ ఏట, 1880లో, ఉపాధ్యాయ వృత్తిలో చేరినప్పటినుంచి పిల్లవాడి చేతిలోని పుస్తకం, పరీక్షలో వాడికి వచ్చే మార్కు, పలక మీద ఉపాధ్యాయుడు కొట్టివేసే గీత – ఇవి ఆయన ప్రపంచం. యేట్స్ అడిగిన ప్రశ్న ఆ ప్రపంచానికి చెందినది: పిల్లవాడు ఇంట్లో సరిగ్గా మాట్లాడే మాట బడికి వచ్చేసరికి ఎందుకు తప్పవుతున్నది?

‘తప్పు’ అనే ఈ ఒక్క భావనను పట్టుకొని చూస్తే గిడుగు జీవితంలోని మూడు పనులు ఒకదానిలో ఒకటి కలుస్తాయి.

శాసనంలో తప్పు

పర్లాకిమిడి చేరిన కొన్నేళ్లకు గిడుగు శాసనాలు చదవడం నేర్చుకున్నారు. ఆయన పుట్టిన పర్వతాలపేట వంశధార ఒడ్డున ముఖలింగానికి సమీపంలోనిదే. ముఖలింగ దేవాలయ శాసనాలను పరిశీలించి ప్రాచీన కళింగ రాజధాని కళింగనగరం అదేనని వాదించారు. తూర్పు గాంగరాజు వజ్రహస్తుని నడగాం తామ్రశాసనాలను పరిష్కరించి ‘ఎపిగ్రాఫియా ఇండికా’ నాలుగో సంపుటంలో ప్రకటించారు. గురజాడ కూడా విజయనగర సంస్థానంలో శాసన పరిశోధన చేసినవారే. వాడుక భాష కోసం నిలబడిన ఇద్దరు మిత్రులూ రాతి మీద, రాగి మీద ఉన్న అక్షరాలు చదివినవారు కావడం కేవలం యాదృచ్ఛికం కాదు.

శాసన పరిష్కర్తకు తప్పుతో విచిత్రమైన సంబంధం ఉంటుంది. లేఖకుడు హ్రస్వానికి బదులు దీర్ఘం చెక్కుతాడు, శకటరేఫ ఉండవలసిన చోట సాధురేఫ రాస్తాడు, సంస్కృత సమాసంలో విభక్తిని జారవిడుస్తాడు. పరిష్కర్త వీటిని సవరించి చదువుతాడు, కాని చెరిపివేయడు. పక్కన నమోదు చేస్తాడు. ఎందుకంటే ఆ తప్పే చాలాసార్లు ఆనాటి ఉచ్చారణకు దొరికే ఏకైక సాక్ష్యం. లేఖకుడి చేయి నియమాన్ని తప్పిన చోట అతని నాలుక ఎలా పలికిందో బయటపడుతుంది. ఱకార రకారాలు ఏ శతాబ్దంలో కలిసిపోయాయో చెప్పేది వ్యాకరణం కాదు, రెండింటినీ తికమక పడిన లేఖకులు. శాసన పరిష్కర్తగా పనిచేసిన మనిషి తప్పును దోషంగా మాత్రమే చూడలేడు. అది ఆధారం.

ఈ అలవాటు ‘బాలకవి శరణ్యము’లో యథాతథంగా కనిపిస్తుంది. ఆ గ్రంథం చేసిన పని స్థూలంగా రెండు విధాలు. చిన్నయసూరి ‘బాలవ్యాకరణం’ (1858) నిషేధించిన రూపాలు ప్రాచీన కవుల ప్రయోగాలలో ఎంత విస్తారంగా ఉన్నాయో చూపించడం ఒకటి. గ్రాంథికమే రాయాలని పట్టుపట్టిన పండితులు తామే ఆ నియమాలను ఎక్కడెక్కడ పాటించలేకపోయారో చూపించడం రెండోది. రెండూ ప్రయోగాల పట్టికలే. కాని ఈ రెండు పట్టికలలోనూ ‘తప్పు’ ఒకే అర్థంలో లేదు. ప్రాచీన కవి సూత్రానికి భిన్నంగా రాసినప్పుడు తప్పు సూత్రానిదని గిడుగు వాదం. లక్ష్యాన్ని బట్టి లక్షణం కావాలి తప్ప లక్షణాన్ని బట్టి లక్ష్యాన్ని కొట్టివేయకూడదు. ఆధునిక పండితుడు సూత్రానికి భిన్నంగా రాసినప్పుడు మాత్రం ఆ తప్పు మరో సంగతికి రుజువు: ఆ భాష ఇప్పుడు ఎవరి నాలుక మీదా లేదు, దాన్ని కాపాడుతామన్నవారికి కూడా అది పరభాష అయింది.

గిడుగును ఎదిరించినవారికి ఈ రెండో పట్టిక వ్యక్తిగత పరిహాసంగా కనిపించింది. మిత్రపక్షంలోని కొందరు విమర్శకులు కూడా దానిని ఆయన ‘తప్పులెన్నే’ ధోరణిగా, వాదంలోని చిన్న బలహీనతగా చూశారు. ఇది సరైన అంచనాగా తోచదు. పండితుడి రచనను ఆయన తామ్రశాసనం చదివినట్టే చదివారు. చేయి జారిన చోటనే నిజం ఉంటుందన్న నమ్మకం అక్కడిది. పరిహాసం ఉన్నమాట నిజమే, కొన్ని పుటలలో అవసరాన్ని మించి ఉన్నదీ నిజమే. ఇరవై ఉదాహరణలతో తేలిపోయే విషయానికి వందలు చేర్చే పట్టుదల పాఠకుడిని అలసటకు గురిచేస్తుంది. అయితే ఆ రాశి వెనుక ఉన్నది కోపం కంటే ఎక్కువగా వృత్తి శిక్షణ.

‘గద్యచింతామణి’ ఇదే శిక్షణకు మరో ఫలితం. శాసనాలు, వ్యాఖ్యానాలు, కథలు, స్థానిక చరిత్రలు మొదలైన పాత వచన రచనలనుంచి కూర్చిన ఈ సంకలనం, గ్రాంథిక వచనం పురాతన సంప్రదాయం కాదనీ పంతొమ్మిదో శతాబ్దపు నిర్మాణమనీ నిరూపించడానికి ఉద్దేశించినది. సంప్రదాయం పేరు మీద తనను ఎదిరిస్తున్నవారికి అసలైన సంప్రదాయాన్ని చూపించడం దీని వ్యూహం. పద్యానికి ఒక భాష, వచనానికి ఒక భాష అన్న విభజన పూర్వులకు తెలుసుననీ, దాన్ని చెరిపివేసింది గ్రాంథికవాదులేననీ ఆయన వాదించారు. నడివయసులో తిరుగుబాటుదారుగా పేరు పొందిన వ్యక్తి నిజానికి ప్రాచీన పత్రాల పరిశోధకుడిగానే తిరగబడ్డారు.

సవరలో తప్పు లేదు

శాసనాలు గిడుగుకు తప్పును సాక్ష్యంగా చదవడం నేర్పాయి. సవర భాష నేర్పినది అంతకంటే మౌలికమైనది.

పర్లాకిమిడి పరిసరాల కొండల్లో ఉండే సవరల భాషను ఆయన 1890లలో నేర్వడం మొదలుపెట్టారు. తెలుగూ సవరా రెండూ తెలిసిన వ్యక్తిని ఇంట్లోనే ఉంచుకొని ఏళ్ల తరబడి అభ్యసించారు. సవరలకు ఇంట్లో బస, భోజనం ఏర్పాటు చేశారు. ఆనాటి పర్లాకిమిడి అగ్రవర్ణ సమాజంలో ఇది ఎంత సాహసమో వేరే చెప్పనవసరం లేదు. సవరలో వాచకాలు రాసి, సొంత డబ్బుతో బడులు పెట్టి, ఉపాధ్యాయులకు జీతాలిచ్చారు. ఎడ్గర్ థర్స్టన్ 1909లో ప్రకటించిన దక్షిణ భారత కులాలు, తెగల గ్రంథంలో సవరల గురించిన సమాచారానికి గిడుగు పరిజ్ఞానం కూడా ఉపకరించింది. మద్రాసు ప్రభుత్వం 1913లో రావుబహదూర్ బిరుదు ఇచ్చింది ప్రధానంగా ఈ కృషికే.

ఈ అభ్యాసంలోని స్థానాల తారుమారును గమనించాలి. బడిలో ఆయన గురువు, పిల్లవాడి నోటి మాటను దిద్దే అధికారం ఆయనది. ఇంట్లో సవర ముందు ఆయన శిష్యుడు. ఇక్కడ పలుకును దిద్దేవాడు అక్షరం రానివాడు. సవరకు వ్యాకరణం లేదు, నిఘంటువు లేదు, లిపి లేదు. ఏది ఒప్పో చూసుకోవడానికి గ్రంథమే లేదు. మాట్లాడేవాడు ‘అవును, ఇలాగే అంటాం’ అంటే అది ఒప్పు. ‘అలా అనం’ అంటే కాదు. మాట్లాడేవాడికి తన భాషలో తప్పు రాదు. తప్పంతా నేర్చుకొనేవాడిదే.

పైగా ఆ భాష తేలికైనది కాదు. ముండా కుటుంబానికి చెందిన సవరలో గొంతులో ఊపిరిని క్షణంపాటు బిగపట్టి పలికే ధ్వని ఉంది. తెలుగు చెవికి అది మొదట వినిపించనే వినిపించదు. నామం తన పూర్తిరూపాన్ని వదిలి కుదించిన రూపంతో క్రియలో ఒదిగిపోయే పద్ధతి ఉంది. సంస్కృత వ్యాకరణ పరిభాష గాని, సూరి సూత్రాల చట్రం గాని దీనిని వర్ణించడానికి చాలవు. ‘అనాగరిక’మని కొట్టివేసిన భాషలో ఇంత నియతమైన వ్యవస్థ ఉందని అనుభవపూర్వకంగా తెలుసుకున్న తరువాత, వాడుక తెలుగు నియమం లేని గ్రామ్యమన్న వాదం ఆయనకు శాస్త్రీయంగా నిలవనిది అయింది. వ్యాకరణం పుస్తకంలో పుట్టదనీ, మాట్లాడేవారి నోట ముందే ఉంటుందనీ తెలుగు పండితులకు సిద్ధాంతంగా చెప్పవలసి వచ్చిన విషయం గిడుగుకు పదేళ్ల దినచర్య.

ఆయన హెన్రీ స్వీట్, ఒటో యెస్పర్సన్ వంటి యూరోపియన్ భాషాశాస్త్రవేత్తలను చదివారు. వాడుకవాదానికి పునాది ఆ పుస్తకాలలో ఉందని తరచుగా అంటారు. పరిభాష వరకు అది నిజం. అయితే వర్ణనాత్మక దృష్టి ఆయనకు పుస్తకం ద్వారా వచ్చిందనడం కంటే, సవరల దగ్గర కుదిరిన దృష్టికి పుస్తకంలో పేరు దొరికిందనడం ఎక్కువ సమంజసం. ఇప్పటి విశ్వవిద్యాలయ తెలుగు శాఖలలో భాషాశాస్త్ర చరిత్రను బోధించేటప్పుడు ఈ వరుసను తిరగరాయవలసి ఉంది. తెలుగులో ఆధునిక భాషాదృష్టికి తొలి గురువులలో పేరు తెలియని సవరలు ఉన్నారు.

పరీక్షలో తప్పు

ఈ రెండు అనుభవాలూ ఉన్న మనిషి 1907 తరువాత తరగతి గదిని కొత్తగా చూశారు. చేస్తున్నాడు అని మాట్లాడే పిల్లవాడు చేయుచున్నాడు అని రాయాలి. అరసున్న ఎక్కడ పెట్టాలో, ద్రుతం తరువాత పరుషం ఎప్పుడు సరళమవుతుందో గుర్తుపెట్టుకోవాలి. చెప్పవలసిన విషయం మీద ఉండవలసిన శ్రద్ధ రూపం మీద ఖర్చవుతుంది. చరిత్రోపాధ్యాయుడికి ఈ నష్టం తెలుగు పండితుడికంటే స్పష్టంగా కనిపించడంలో ఆశ్చర్యం లేదు. ఆయనకు కావలసింది పిల్లవాడు విషయాన్ని అర్థం చేసుకొని చెప్పగలగడం. ఉద్యమానికి ఆద్యులుగా చెప్పే నలుగురిలో – యేట్స్, శ్రీనివాస అయ్యంగారు, గురజాడ, గిడుగు – వృత్తిరీత్యా తెలుగు పండితుడు ఒక్కరూ లేరు. ఎదిరిపక్షం దీనిని అనర్హతగా భావించింది. నిజానికి అదే వారి బలం.

1911లో, 30 ఏళ్ల సర్వీసు పూర్తికాగానే, గిడుగు స్వచ్ఛందంగా ఉద్యోగ విరమణ చేశారు. అప్పటికి 48 ఏళ్లు. అదే ఏడాది మద్రాసులో ఆంధ్ర సాహిత్య పరిషత్తు ఏర్పడింది. జయంతి రామయ్య పంతులు నాయకత్వంలో గ్రాంథిక పక్షానికి అది కోట అయింది. 1912–13లో స్కూలు ఫైనల్ వ్యాసపరీక్షను కావ్యభాషలో గాని ఆధునిక భాషలో గాని రాయవచ్చునన్న వెసులుబాటు రాగానే వివాదం భగ్గుమంది. సభలు, మహజర్లు, పత్రికా లేఖలు. 1913లో గిడుగు ఆధునిక తెలుగును గురించి ఆంగ్లంలో విజ్ఞాపన పత్రం ప్రకటించారు. మద్రాసు విశ్వవిద్యాలయం నియమించిన సంఘంలో వాడుక పక్షానిది అల్పసంఖ్య అయింది. 1914లో గురజాడ తమ అసమ్మతి పత్రాన్ని సమర్పించారు. 1915 నవంబరులో గురజాడ మరణించారు.

నడివయసులో కొత్త మార్గం పట్టినవారి కథలను విజయం దగ్గర నుంచి వెనక్కి చూసి రాయడం పరిపాటి. గిడుగు విషయంలో అలా రాస్తే 1915 ముఖ్యత తెలియదు. ఆ ఏడాది చివరికి 52 ఏళ్ల గిడుగుకు జీతం లేదు, అధికార మద్దతు లేదు, మిత్రుడు లేడు, గెలిచిన తీర్మానం ఒక్కటీ లేదు. ఆయన సవర వ్యాకరణానికి తిరిగి వెళ్లి ఉంటే ఎవరూ తప్పుపట్టేవారు కాదు. వెళ్లలేదు. ఊరూరా తిరిగి ఉపన్యసించారు. 1919 ఫిబ్రవరిలో రాజమహేంద్రవరంలో వర్తమానాంధ్ర భాషా ప్రవర్తక సమాజం ఏర్పడినప్పుడు కందుకూరి వీరేశలింగం అధ్యక్షులు, గిడుగు కార్యదర్శి. జీవితమంతా గ్రాంథికంలో రాసిన వీరేశలింగం 70 ఏళ్లు దాటాక ఈ పక్షానికి రావడం మరో మలుపు. కాని మూడు నెలలకే ఆయన మరణించారు. ఆ ఏడాదే గిడుగు నడిపిన ‘తెలుగు’ మాసపత్రిక ఒక సంవత్సరంతో ఆగిపోయింది. పరిషత్తు వ్యావహారికంపై నిషేధాన్ని సడలించింది 1924లో. మరుసటి ఏడు తణుకు సభలో ఆయన నాలుగు గంటలపాటు ప్రయోగాలు చూపుతూ మాట్లాడారని ప్రసిద్ధి. అప్పటికి ఆయన 60 దాటారు.

సవర కొండల్లో సోకిన మలేరియాకు వాడిన క్వినైన్ వల్ల ఆయన వినికిడి దెబ్బతిన్నదని జీవితచరిత్రకారులు చెబుతారు. నోటి మాట కోసం పోరాడిన మనిషికి ఆ మాట వినబడకపోవడం మీద అలంకారాలు కట్టడం సులభం. దాన్ని అంతవరకే ఉంచడం మేలు. అయితే ఆయన వాదం రానురాను ఎందుకు ఇంతగా పుటలమీద, పట్టికలమీద ఆధారపడిందో ఆలోచించేటప్పుడు ఈ వాస్తవాన్ని పూర్తిగా పక్కన పెట్టలేం.

శిష్టత ఎవరిది?

ఇంతవరకు చెప్పిన దాన్ని బట్టి సవర పాఠం తెలుగు వాదానికి సూటిగా బదిలీ అయిందనిపించవచ్చు. కాలేదు. అసలు చిక్కు ఇక్కడ ఉంది.

సవర విషయంలో గిడుగు ప్రతి వ్యవహర్తనూ ప్రమాణంగా స్వీకరించారు. తెలుగు విషయంలో ఆయన కోరింది శిష్టవ్యావహారికం. చదువుకున్నవారు పరస్పరం మాట్లాడుకొనే భాష రాతకు ప్రమాణం కావాలన్నారు. వ్యావహారికమంతా గ్రామ్యమేనన్న ఆరోపణకు జవాబుగా గ్రామ్యానికీ శిష్టవ్యవహారానికీ మధ్య గీత గీశారు. సవర బడిలో పిల్లవాడి ఇంటిభాష బడిభాష అయింది. తెలుగు బడిలో చదువుకున్న ఇళ్ల భాష మాత్రమే బడిభాష అయ్యే అవకాశం దొరికింది. పాలేరు కొడుకు మాట అప్పుడూ తప్పే, ఇప్పుడూ తప్పే. దిద్దే వ్యాకరణం మారింది.

దీనిని వ్యూహాత్మక పరిమితిగా సమర్థించే వీలుంది. ప్రత్యర్థులు గ్రామ్యమన్న ఒక్క మాటతో వాదాన్ని ముగించాలని చూస్తున్నప్పుడు, మద్రాసు ప్రభుత్వాన్నీ విశ్వవిద్యాలయాన్నీ ఒప్పించవలసి ఉన్నప్పుడు, ఒక స్థిరమైన ప్రమాణ రూపాన్ని చూపించక తప్పదు. పాఠ్యపుస్తకానికి ఏదో ఒక రూపం కావాలి కూడా. ఈ సమర్థనలో బలముంది. కాని ఇదే పూర్తి సమాధానమైతే, సవర విషయంలో ఆయనకు అటువంటి అవసరం ఎందుకు కలగలేదన్న ప్రశ్న మిగులుతుంది. సవర సమాజంలో శిష్టులెవరో నిర్ణయించే చదువు అప్పటికి లేదు. తెలుగు సమాజంలో ఉంది, గిడుగు అందులో భాగం. బయటివాడిగా నేర్చుకున్న భాషలో కనబడిన సమానత్వం, లోపలివాడిగా మాట్లాడే భాషలో కనబడలేదు. నడివయసులో వచ్చిన మార్పు మనిషి పుట్టిపెరిగిన స్థానాన్ని పూర్తిగా మార్చదు.

తెలంగాణ, రాయలసీమ, ఉత్తరాంధ్ర రచయితలూ దళిత బహుజన రచయితలూ తరువాతి దశాబ్దాలలో శిష్ట వ్యావహారికాన్ని కోస్తా మధ్యజిల్లాల చదువుకున్న కులాల భాషగా విమర్శించినప్పుడు, ఆ విమర్శ గిడుగుకు వ్యతిరేకమైనదిగా కనిపించింది. ఆయన తెలుగు రచనలు మాత్రమే ముందుంచుకొంటే అలా కనిపించడం సహజం. సవర కృషిని కూడా పక్కన పెట్టుకొని చదివితే, వారు గిడుగులోని ఒక సగాన్ని ఆధారం చేసుకొని రెండో సగాన్ని ప్రశ్నించారని తెలుస్తుంది. మాట్లాడేవాడికి తన భాషలో తప్పు రాదన్న సూత్రం పర్లాకిమిడి ఇంట్లో అమలైనదే.

వాయిదా పడిన గ్రంథం

1890లలో మొదలైన సవర అధ్యయనం వ్యాకరణంగా అచ్చయినది 1931లో. సవర–ఇంగ్లీషు నిఘంటువు వచ్చినది 1938లో. మొదటిదాని నాటికి గిడుగుకు 68 ఏళ్లు, రెండోదాని నాటికి 75. ఈ జాప్యానికి తెలుగు ఉద్యమమే ప్రధాన కారణమని తేదీలు సూచిస్తున్నాయి. ఒక వ్యామోహం కోసం మరొకటి ఇరవై ఏళ్లకు పైగా ఆగింది. తెలుగుకు కలిగిన లాభాన్ని లెక్కించే చరిత్రలు సవరకు కలిగిన ఈ ఆలస్యాన్ని లెక్కలోకి తీసుకోవు. బహుశా తీసుకోవలసిన అవసరమే వాటికి తోచలేదు, ఎందుకంటే వాటి దృష్టిలో సవర పీఠిక మాత్రమే.

కాలక్రమం మరో విషయం చెబుతుంది. 1907లో ఆయన ఒక పనిని వదిలి మరో పనికి మారలేదు. రెండూ చివరిదాకా కలిసే నడిచాయి. 1934లో వచ్చిన కైజర్-ఇ-హింద్ పతకం సవర కృషికి. 1933లో రాజమహేంద్రవరంలో శిష్యులు జరిపిన సప్తతి ఉత్సవం ప్రధానంగా తెలుగు కృషికి. వృత్తి మార్పు అన్న మాట ఆయనకు సరిపోదు. పాత పని తెచ్చిన చూపుతో కొత్త పనిలోకి వెళ్లి, పాత పనిని వదలకుండా మోసుకుపోవడం అంటే కొంత దగ్గరగా ఉంటుంది.

సవర లిపి విషయం కూడా ఇక్కడ ప్రస్తావించాలి. గిడుగు తొలి సవర వాచకాలకు తెలుగు లిపిని వాడుకున్నారు. వ్యాకరణ నిఘంటువులలో రోమన్ అక్షరాలపై ఆధారపడిన ధ్వనిలేఖనాన్ని అనుసరించారు. ఒకటి పక్కనున్న అధికార భాష లిపి, మరొకటి శాస్త్రజ్ఞుల లిపి. 1936లో మంగై గొమాంగో అనే సవర ‘సొరాంగ్ సొంపెంగ్’ పేరుతో తమ భాషకు ప్రత్యేక లిపిని రూపొందించారు. బయటి పండితుడు నాలుగు దశాబ్దాలు శ్రమించి కూర్చిన లేఖన పద్ధతిని కాదని సవరలు తమకు తాము అక్షరాలు చేసుకోవడం గిడుగు కృషికి వైఫల్యం కాదు. అది ఆయన తెలుగువారి కోసం చేసిన వాదాన్ని సవరలు తమ కోసం మరింత దూరం తీసుకువెళ్లడం. సవర భాష మీద జరిగే చర్చల్లో ఈ రెండు కృషులూ అరుదుగా ఒక్కచోట కనిపిస్తాయి. తెలుగు శాఖల పరిశోధన అంశాలలో రెండోది దాదాపు కనిపించదు.

అదే 1936 ఏప్రిల్‌లో ఒడిశా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి అందులో కలిసింది. 56 ఏళ్లు నివసించిన ఊరిని, సవర కొండల పొరుగును విడిచి గిడుగు రాజమహేంద్రవరం చేరుకున్నారు. అప్పటికి ఆయన వయస్సు 72. సవర–ఇంగ్లీషు నిఘంటువు అచ్చు పని అక్కడికి వచ్చాకే ముగిసింది. 1940 జనవరిలో పత్రికా సంపాదకులకు వాడుక భాషను స్వీకరించమని చివరి విజ్ఞప్తి చేశారు. అదే నెల 22న మరణించారు. దినపత్రికలు ఆ విజ్ఞప్తిని అంగీకరించడానికి మరికొన్ని దశాబ్దాలు పట్టింది. సవర పిల్లలకు సవరలోనే పాఠాలు చెప్పే బడులు ఆంధ్ర ప్రాంతంలో ప్రభుత్వ విధానంలో మళ్లీ చోటు సంపాదించడానికి అంతకంటే ఎక్కువ కాలం పట్టింది.